సడ్డకుల రెండు కార్లు, మారిపోయిన టైర్లు

కొత్త కారు కొనడానికి షోరూంకు వచ్చి, టైరు ముందు కూర్చుని దాని మీది అక్షరాలు చదివిన మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణి కూడా చూడలేదు. రంగు చూస్తారు, స్క్రీను చూస్తారు, తలుపు గట్టిగా వేసి చప్పుడు వింటారు, మైలేజీ ఎంతని అడుగుతారు. టైరును మాత్రం కాలితో ఒక్క తన్ను తన్ని ముందుకు పోతారు. ఆ తన్నుతో ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేనూ తన్నేవాణ్ణే, అది వేరే సంగతి.

హనుమకొండలో ఒక కార్ల డీలరు దగ్గర సర్వీసు మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో గుర్తుండిపోయిన రోజేదని మీలాంటి కుర్రవాళ్ళు అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఈ ఒక్క కథే. చెప్పేటప్పుడు కుర్చీలో కూర్చోలేను. లేచి నిలబడి, చేతులతో స్టీరింగు తిప్పుతూ, కాలితో లేని బ్రేకు తొక్కుతూ చెబుతాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మీరు బతికిపోయారు.

ఆ మధ్య మా కంపెనీ ఒక చిన్న కారు తెచ్చింది. మైలేజీలో దాన్ని కొట్టేది లేదని ఊరంతా హోర్డింగులు పెట్టారు. నిజంగానే మొదట వచ్చిన బండ్లు అద్భుతంగా నడిచాయి. వరంగల్ బజారులో బట్టల దుకాణం ఉన్న ఒక పెద్దమనిషి మొదటి లాటులోనే తెల్ల కారు కొన్నాడు. ఆయన కారు కొన్నట్టు కాదు, మైలేజీ కొన్నట్టు మాట్లాడేవాడు. దుకాణానికి చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళకు కూడా లీటరుకు ఎంత వస్తున్నదో చెప్పి పంపేవాడు.

ఆయన మాట విని ఆయన సడ్డకుడు కూడా అదే కారు, అదే తెల్లరంగు, కొన్ని నెలల తర్వాత కొన్నాడు. సడ్డకులంటే ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళను చేసుకున్నవాళ్ళు, తోడల్లుళ్ళు. బట్టల దుకాణం ఆయనను పెద్దాయన అనుకుందాం, ఈ చిన్నాయనది మరిపెడ. ఆయనకు కారు సరదా కాదు, బతుకుతెరువు. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వరంగల్ దవాఖానకు వచ్చే పేషెంట్లను చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎక్కించుకుని వచ్చి, సూదులు తీసేదాకా ఉండి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడం ఆయన పని. మెల్లగా నడుపుతాడని, గుంతలో కూడా కుదుపు రానివ్వడని ఆయనకు పేరు. ఆ పేరే ఆయన పెట్టుబడి.

కారు కొన్న కొద్దికాలానికే చిన్నాయన మైలేజీ రావడం లేదని మా దగ్గరికి వచ్చాడు. పెద్దాయన బండి కంటే లీటరుకు కిలోమీటరున్నర దాకా తక్కువ. మైలేజీ కంప్లయింటు వస్తే మా వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. ట్యాంకు నిండా కొట్టించి, కస్టమరును పక్కన కూర్చోబెట్టుకుని నేనే నడిపేవాణ్ణి. ఏసీ బంద్, అద్దాలు మూసి, యాక్సిలరేటరు మీద పాదం ఉందో లేదో అన్నట్టు హసన్‌పర్తి దాటి పోయి వచ్చేవాణ్ణి. నా పాదం కింద బండి ఎప్పుడూ మైలేజీ ఇచ్చేది. మా వాళ్ళు నన్ను మైలేజీ సారు అనేవారు, ఆ పేరు నాకు చాలా ఇష్టం. కస్టమరుకు లెక్క చూపించి, బండి మంచిదే, మీ కాలే బరువు అని పంపించడం అలవాటు. చిన్నాయనకు కూడా అదే చెప్పి పంపాను.

ఆ వానాకాలం ఆయన కారు మరిపెడ దాటాక, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆగకుండా జారి, పక్కన ఆపి ఉన్న ట్రాక్టరు ట్రాలీని గుద్దింది. స్పీడేమీ లేదు. లోపల ఉన్న పేషెంటు నుదురు సీటుకు తగిలి వాచింది, అంతే. కానీ కబురు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. మెల్లగా నడుపుతాడన్న పేరు పోయింది. డయాలసిస్ బేరాలు ఒక్కొక్కటే ఆటోలకు పోయాయి. అత్తగారింట్లో పెద్దాయన బాహాటంగానే, వాడికి బండి నడపరాదు, నా బండి సూడుండ్రి అన్నాడు.

విరిగిన బంపరు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు చిన్నాయన నా టేబులు ముందు నిలబడి చెప్పిన మాటలు నాకు అలాగే గుర్తున్నాయి.

"నేను ఆగం ఆగం నడపలె సార్. బ్రేకు తొక్కిన. బండి ఆగుతలేదు, నూనెల నడిచినట్టు పోతాంది. ఇంట్ల నమ్ముతలేరు, ఊర్ల నమ్ముతలేరు. మీరన్న జర సూడుండ్రి."

బ్రేకులన్నీ విప్పి చూశాం. ఏ లోపమూ లేదు. బంపరు విప్పినప్పుడు మాత్రం మా మేస్త్రి నన్ను పిలిచి లోపల చూపించాడు. మొదటి లాటు కార్లలో అక్కడ దెబ్బను మింగడానికి దూదిదిమ్మె లాంటి ఫోం ముక్క ఒకటి ఉండేది. ఈ బండిలో లేదు. ఇంజను కింద గాలిని సాఫీగా పంపే ప్లాస్టిక్ కవరు కూడా సగమే ఉంది. అదే మోడలు, ధర మాత్రం ఇంకాస్త పెరిగింది, లోపల సామాను తగ్గింది. మా వృత్తిలో ఇలాంటివి కొత్త కాదు. కొత్త బండి మొదటి ఆర్నెల్లు పెళ్ళికొడుకులా ఉంటుంది, ఆ తర్వాత కంపెనీ వాళ్ళు ఒక్కొక్క నగా తీసి దాచుకుంటారు. బంపరు బిగించి పంపించాం.

అసలు కథ దసరాకు మొదలైంది.

దసరా ముందు మా వర్క్‌షాపు చూడాలి. ఆయుధపూజకు ప్రతి బండీ తళతళలాడాలి. సర్వీసు, వాషింగు, టైర్లకు నల్ల పాలిషు. అందరికీ ఈరోజే కావాలి. అత్తగారింటికి కలిసి పోవాలని సడ్డకులిద్దరూ తమ కార్లను ఒకే పొద్దున తెచ్చి ఇచ్చారు. రెండూ ఒకే మోడలు, రెండూ తెలుపు. రెంటికీ టైర్లు విప్పి ముందువి వెనక్కు, వెనకవి ముందుకు మార్చే పని ఉంది. ఏ టైరు ఏ బండిదో మా మేస్త్రి సుద్దముక్కతో గుర్తు పెడతాడు. ఆయన పెట్టిన సుద్ద గుర్తు ఎన్నడూ తప్పలేదు. కానీ ఆరోజు వాషింగు వాళ్ళు పండుగ ఉత్సాహంలో విప్పి పెట్టిన టైర్లను కూడా సబ్బుతో కడిగి, పాలిషు కొట్టి, వరుసగా నిలబెట్టారు. సుద్ద పోయింది. ఎనిమిది చక్రాలూ కవలపిల్లల్లా మెరుస్తున్నాయి. మేస్త్రి ఒక్క క్షణం తలగోక్కుని, కంపెనీ పేరు ఒకటే, సైజు ఒకటే కదా అని బిగించేశాడు. పెద్దాయన టైర్లు చిన్నాయన కారుకు, చిన్నాయనవి పెద్దాయన కారుకు పోయాయి. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు.

పండుగ పోయాక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు, వచ్చాడని చెప్పడం తక్కువ, ఊగిపోతూ వచ్చాడు. సర్వీసుకు ఇచ్చే ముందు తన బండి బంగారమట, మేము దాన్ని ఇనుము చేశామట. మైలేజీ పడిపోయింది. పైగా చౌరస్తాలో తడి ఉన్నచోట బ్రేకు వేస్తే ముందున్న ఆటోకు వెంట్రుకవాసిలో ఆగింది. బండి ఖరాబు చేసి పండుగ కానుకగా ఇచ్చారని దుకాణంలో అందరికీ చెబుతానన్నాడు. ఆయన చెబుతాడు కూడా.

మా దగ్గర సర్వీసు అడ్వయిజరుగా హసన్‌పర్తి అమ్మాయి ఒకామె ఉండేది. కస్టమరు కేకలు వేస్తున్నా కంప్యూటరు మీద వేళ్ళు ఆడిస్తూ నింపాదిగా వినడం ఆమె గొప్ప. పెద్దాయన బండిని మా దగ్గరే వదిలి పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. చిన్నాయనకు పండుగ తర్వాత బండి ఎలా ఉందో అడగడానికి ఫోను చేసిందట. ఆయన సంతోషంగా ఉన్నాడు. మైలేజీ పెరిగింది, వానలో బండి గట్టిగా పట్టుకుంటున్నది, మీ మేస్త్రి చేతికి దండం అన్నాడట.

"సార్, ఆ బండి జబ్బు ఈ బండికి వచ్చింది," అన్నది ఆమె. "రెండిట్ల మనం కామన్‌గ ముట్టుకున్నది టైర్లే."

నేను కుర్చీలోంచి ఎలా లేచానో నాకు తెలియదు. మేస్త్రిని పిలిచాను. ఆయన సుద్ద సంగతి చెప్పగానే ముగ్గురం పార్కింగులో ఉన్న పెద్దాయన కారు దగ్గరికి పరుగెత్తాం. టైరు ముందు గొంతుకూర్చుని, నా సర్వీసులో మొదటిసారి, దాని మీది అక్షరాలు మొత్తం చదివాను. పక్కన ఉన్న మొదటి లాటు బండి టైరుతో పోల్చి చూశాను, కంపెనీ పేరు అదే, సైజు అదే. సైజు పక్కన చిన్నగా ఉండే అక్షరాలు మాత్రం వేరు. గాళ్ళు కూడా జాగ్రత్తగా చూస్తే లోతు తక్కువ. ఇన్నాళ్ళూ మనుషుల కాళ్ళను తిట్టాను, చక్రాలను ఒక్కసారి కూడా అడగలేదు.

కంపెనీ ఏరియా ఇంజనీరుకు ఫోను చేస్తే మొదట నవ్వాడు. టైరు వల్ల అంత తేడా రాదు, అన్నీ అనుమతి ఉన్నవే అన్నాడు. మా డీలరు ఓనరు కూడా దీపావళి అమ్మకాలు అయ్యేదాకా గొడవ వద్దన్నాడు. అప్పుడు పెద్దాయన పుణ్యమా అని పని జరిగింది. తన బండికి తగిలిన రోగం ఏమిటో తేలేదాకా షోరూం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నాడు. ఆయన కూర్చుంటే ఏమవుతుందో మా ఓనరుకు తెలుసు. ఇంజనీరు హైదరాబాదు నుంచి రావలసివచ్చింది.

పరీక్షకు చోటు కావాలి. రోడ్డు మీద తడి బ్రేకు పరీక్ష చేయలేం. పెద్దాయనకు తెలిసిన రైసుమిల్లు ఒకటి హసన్‌పర్తి వైపు ఉంది. వడ్లు ఆరబోయడానికి పెద్ద సిమెంటు కల్లం, పంట ఇంకా రాలేదు కాబట్టి ఖాళీగా ఉంది. వాటర్ ట్యాంకరు తెప్పించి కల్లమంతా తడిపించాడు. బ్రేకు ఎక్కడ తొక్కాలో ముగ్గుపిండితో ఒక గీత, ఆ చివర బండి జారితే పట్టుకోవడానికి ఖాళీ గోనెసంచుల కుప్ప. ఇదంతా సిద్ధమయ్యేసరికి మిల్లు హమాలీలు నడుముకు తువ్వాలలు కట్టుకుని గోడ మీద వరుసగా కూర్చున్నారు. ఒకళ్ళు తెల్లకారు మీద, ఇంకొకళ్ళు ఇంకో తెల్లకారు మీద చాయ్ పందెం కట్టారు.

ఇంజనీరు చిన్న వయసువాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన కారులో వచ్చాడు. అది కూడా అదే మోడలు, మొదటి లాటుది. మాటల్లో మర్యాద ఉంది కానీ ముఖంలో ఇదంతా వృథా అన్న భావం దాగలేదు. తానే నడుపుతానన్నాడు. నాకు అదే కావాలి. నా పాదానికి ఉన్న పేరు ఈ పరీక్షలో అడ్డం.

మొదట చిన్నాయన కారు ఎక్కాడు. అంటే మొదటి లాటు టైర్లున్న కారు. నలభై స్పీడులో వచ్చి గీత మీద బ్రేకు తొక్కాడు. బండి ముక్కు కిందకు వంచి, కాస్త గునిసి, కల్లం మధ్యలో నిలబడింది. తర్వాత పెద్దాయన కారు. అదే స్పీడు, అదే గీత. టైర్లు సుయ్‌మని అరిచాయి కానీ బండి ఆగలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ, బ్రేకు దడదడ మాకు బయటికి వినపడుతుండగా, పోయి పోయి గోనెసంచుల్లో దూరింది. హమాలీలు ఈలలు వేశారు. సంచుల మధ్య నుంచి ఇంజనీరు దిగివస్తుంటే ముఖంలో ఆ వృథా అన్న భావం లేదు.

మేస్త్రిని టైర్లు మార్చమన్నాను. రెండు కార్లకు జాకీలు పెట్టి, ఆయన ఎనిమిది చక్రాలూ విప్పి అటువి ఇటు బిగిస్తుంటే చిన్నాయన ప్రతి నట్టును పక్కనే వంగి చూస్తున్నాడు. ఇప్పుడు తన సొంత టైర్లతో కూడా పెద్దాయన బండి జారిందంటే లోపం బండిలోనే ఉన్నట్టు. జారిన ఆ టైర్లతో చిన్నాయన బండి ఆగిందంటే ఈయనకు నడపడం రాదన్న మాటే మిగులుతుంది. ఆయన బతుకు ఆ గీత దగ్గర ఉంది.

ఇంజనీరు మళ్ళీ ఎక్కాడు. పెద్దాయన కారు తన సొంత టైర్ల మీద గీత దాటి వచ్చి కల్లం మధ్యలో ఠక్కున ఆగింది. చిన్నాయన కారు నేరుగా గోనెసంచుల్లోకి పోయింది. కారు ఏదైనా, జారేది ఆ నాలుగు టైర్లే.

నేను గెంతానట. నాకు గుర్తులేదు, మా అడ్వయిజరు అమ్మాయి తర్వాత చెప్పింది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషిని, తడి సిమెంటు మీద గెంతాను. హమాలీలు పందెం చాయ్ ఎవరిదో తేల్చుకోలేక గోల చేస్తున్నారు. చిన్నాయన మాత్రం అక్కడే చతికిలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

మిల్లు గుమాస్తా తెప్పించిన చాయ్ తాగుతూ ఇంజనీరు నెమ్మదిగా విప్పి చెప్పాడు. టైరు రబ్బరులో కలిపే ఖరీదైన పొడి ఒకటి ఉంటుందట. అది ఉంటే టైరు తేలికగా దొర్లుతుంది, తడిలో గట్టిగా పట్టుకుంటుంది. అంటే మైలేజీ, బ్రేకు రెండూ దాని మీదే ఉంటాయి. అది తగ్గిస్తే రెండూ తగ్గుతాయి. ఒక టైరు మీద మిగిలేది చిల్లరే, కానీ లక్షల బండ్లకు నాలుగేసి టైర్ల మీద అది పెద్ద మొత్తం. ఎక్కడో ఏసీ గదిలో ఒకరు బంపరులో ఫోం తీస్తే, ఇంకొకరు ఇంజను కింద కవరు కోస్తే, మూడోవారు టైరు మారుస్తారు. ఎవరి ముక్క వాళ్ళకు చిన్నదే. అన్నీ కలిసి ఒకే బండి మీద పడతాయి. ఆ బండి ఒక వానరోజు మరిపెడ దగ్గర ఒక మనిషి పరువు మీదికి ఎక్కింది.

ఇంజనీరు పక్కకు పోయి పైవాళ్ళతో ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చాక, ఇవి రూల్సు ప్రకారం పాసైన టైర్లేనని, కంపెనీ తప్పు ఒప్పుకోదని, కొత్త టైర్ల సంగతి పరిశీలిస్తామన్నారని చెప్పాడు. ఎంతకాలం పరిశీలిస్తారో ఆయనకూ తెలియదు. నాకు తెలుసు, పరిశీలించేవాళ్ళు రిటైరయ్యేదాకా.

పెద్దాయన అప్పుడు లేచాడు. అందరి ముందు, హమాలీల ముందు, తన సడ్డకుని భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, నేను నిన్ను బద్నాం చేసిన. నీ చేతిల తప్పు లేదు. నా టైర్లు నీ బండికే ఏపిస్త. పేషెంట్లను తీస్కపోయేటోనివి నువ్వు."

"ఒద్దన్నా," అన్నాడు చిన్నాయన. "నీ బండిల నీ పిల్లలు పోతాండ్రు. గా జారే టైర్లు నేను నీకెట్ల ఇస్త?"

ఇంతకాలం ఎవరి బండి గొప్పదని కొట్లాడుకున్న ఇద్దరు మనుషులు, జారే టైర్లు నాకంటే నాకని కొట్లాడడం మొదలుపెట్టారు. ఎవరూ తగ్గరు. మేస్త్రి చేతిలో స్పానరు పట్టుకుని ఏ టైరు ఎటు వేయాలో తెలియక నిలబడ్డాడు. మా అడ్వయిజరు అమ్మాయి కళ్ళు తుడుచుకుంటున్నది.

అప్పుడు ఇంజనీరు మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి దగ్గరికి పోయి తన కంపెనీ కారును చూపించాడు.

"వర్క్‌షాపుకు పోగానే నా బండి టైర్లు విప్పండి మేస్త్రీ. మొదటి లాటువి. మరిపెడ అన్న కారుకు బిగించండి."

కంపెనీ బండి కదా, పైవాళ్ళు ఏమంటారో అని నేను అన్నాను. ఆయన నవ్వాడు. కస్టమరు బండి ఆగిపోతే మా వాళ్ళు పరిశీలిస్తారు సార్, కంపెనీ బండి ఆగిపోతే టైర్లు పంపుతారు, అన్నాడు. జారే టైర్లు నాలుగూ సాక్ష్యంగా వర్క్‌షాపులో దాచమని చెప్పి, సాయంత్రం కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు పోయాడు. స్టేషనుకు నేనే నా స్కూటరు మీద దింపాను. ఆ కుర్రవాడిని వదిలి రాబుద్ధి కాలేదు.

కంపెనీ కారు చక్రాలు లేకుండా నాలుగు రాళ్ళ మీద మా వర్క్‌షాపు గేటు దగ్గరే కూర్చుంది. వచ్చే పోయే కస్టమర్లంతా ఎందుకని అడిగేవారు, మా అమ్మాయి దాచకుండా చెప్పేది. ఓనరు తల పట్టుకున్నాడు. టైర్లు చాలా తొందరగా వచ్చాయి. తర్వాత వచ్చిన లాటు బండ్లకు ఆ చిన్న అక్షరాలు మళ్ళీ పాతవే ఉన్నాయి. ఎవరూ ఏమీ ప్రకటించలేదు, ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. అప్పటికే అమ్మేసిన జారే టైర్ల బండ్ల వాళ్ళకు మాత్రం మేమే ఒక్కొక్కరికి ఫోను చేసి టైర్లు మార్చుకోవడానికి పిలవాల్సి వచ్చింది.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది అది కాదు. కల్లం పరీక్ష అయిన కొద్ది రోజులకు తుఫాను ముసురు పట్టింది. రోడ్లన్నీ చిత్తడి. పొద్దున్నే మనసాగక నేను గొడుగు వేసుకుని దవాఖాన గేటు దగ్గరికి పోయాను. మరిపెడ వైపు నుంచి తెల్లకారు వచ్చి గేటు ముందు కుదుపు లేకుండా ఆగింది. చిన్నాయన అద్దం దించి, నన్ను చూసి, మాట్లాడవద్దని పెదవుల మీద వేలు పెట్టాడు. ముందు సీట్లో ఒక పెద్దమ్మ, డయాలసిస్‌కు వచ్చిన పేషెంటు, తల పక్కకు వాల్చి గాఢంగా నిద్రపోతున్నది.